చిన్నీ చుక్క

తెలుగు క్లబ్ వాళ్ళు ఈ సంచికకి ఏదైనా రాయమని మూడు వారాలుగా అడుగుతున్నారు. నేను ప్రతిసారీ ఒకటే చెప్పాను, "నాకు తెలుగు రాయడం రాదండీ" అని. అబద్ధం కాదు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. టెన్త్ దాకా తెలుగు సెకండ్ లాంగ్వేజ్. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాను. అందులో ఎన్ని మార్కులొచ్చాయో మా చుట్టాలందరికీ తెలుసు, సంస్కృతం ఎంత వచ్చిందో నాకొక్కదానికే తెలుసు. కాబట్టి ఒత్తులు, దీర్ఘాలు తప్పుగా ఉంటే క్షమించండి. ఎడిటర్ అక్క దిద్దుతానంది.

అయినా ఇది తెలుగులోనే రాయాలనిపించింది. ఇంగ్లీషులో రాస్తే "ప్రైవసీ" అని ఒక్క మాటతో పని అయిపోతుంది, ఓ పీపీటీలో నాలుగు స్లైడ్లు వస్తాయి. తెలుగులో దాన్ని గోప్యత అంటారని పేపర్లో చదివాను గానీ, మా ఇంట్లో ఎవరూ ఆ మాట వాడగా వినలేదు. మా అమ్మ మాత్రం "గుట్టు" అంటుంది. "మన గుట్టు మన దగ్గరుండాలి" అని. చిన్నప్పుడు ఆ మాట వింటే, ఏదో తప్పు చేసినవాళ్ళే గుట్టు దాచుకుంటారు అనుకునేదాన్ని. అలా అనుకోవడం వల్లే నేనొక పొరపాటు చేశాను. అది చెప్పడానికే ఇది.

ముందే ఒక మాట. ఇందులో మా ఫ్రెండ్‌ని చిన్నీ అంటాను. అది తన పేరు కాదు. తను మొత్తం చదివి, రెండు చోట్ల కొట్టేయించి, సరే అన్నాకే ఇది క్లబ్‌కి పంపాను.

అసలు మొదలైంది మంచికే. ఫస్టియర్ నవంబర్‌లో చిన్నీ వాళ్ళ ఊరి నుంచి తిరిగొస్తూ విజయవాడ బస్టాండ్‌లో దిగేసరికి రాత్రి ఏడున్నర. మా కాలేజీ ఊరి బయట కదా, సిటీ బస్సు దొరక్క షేర్ ఆటో ఎక్కింది. మిగతావాళ్ళందరూ దారిలో దిగిపోయారు. ఉన్నట్టుండి ఆటో హైవే వదిలి ఏదో సందులోకి తిరిగింది. చిన్నీ నాకు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపి, "ఫోన్ చెయ్" అని మెసేజ్ పెట్టింది.

నేను వెంటనే చేశాను. స్పీకర్‌లో పెట్టమని చెప్పి, డ్రైవర్‌కి వినపడేలా, "నాన్నగారు గేట్ దగ్గరే నిలబడ్డారే, నువ్వెక్కడున్నావో మాకు మ్యాప్‌లో కనబడుతోంది" అని గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాను. చివరికి తేలిందేంటంటే, హైవే మీద ఏదో పని జరుగుతోంది, అందుకని ఆ పెద్దాయన సందులోంచి చుట్టు తిప్పాడు. గేట్ దగ్గర దింపి, "మీ నాన్నేడమ్మా, కనపడ్డే?" అని అడిగాడట పాపం. ఆ మాట తల్చుకుని మా రూమ్‌లో నెలరోజులు నవ్వుకున్నాం. కానీ ఆ పన్నెండు నిమిషాలూ మాత్రం ఇద్దరికీ చేతులు వణికాయి.

అందుకే చెబుతున్నా, లొకేషన్ షేర్ చేయడం చెడ్డదని రాయడానికి నేను కూర్చోలేదు. "ఆటో ఎక్కగానే లొకేషన్ పెట్టు" అనే మాట వినని అమ్మాయి మా హాస్టల్లో ఒక్కతి కూడా ఉండదు. ఆ మాట ఎందుకు పుట్టిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌కి మూడే టైమ్‌లు ఉంటాయి. 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు. ఆ టైమ్ అయిపోగానే దానంతట అదే ఆగిపోతుంది. ప్రతిసారీ మళ్ళీ పెట్టాలి. ఆటో సంగతి తర్వాత వారం రోజులు అలాగే పెట్టుకున్నాం. తర్వాత బద్ధకం వచ్చింది. ఇంకో మ్యాప్ యాప్‌లో "నేను ఆపేసే వరకు" అని ఒక ఆప్షన్ ఉంది. ఒకరికొకరం అది ఆన్ చేసుకున్నాం. మ్యాగీ ఉడికేలోపు అయిపోయింది ఆ పని. ఎప్పుడు ఆపేద్దాం అని మాత్రం ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మొదట్లో చిన్నీ బయటికెళ్ళినప్పుడే మ్యాప్ తెరిచేదాన్ని. తర్వాత ఊరికే తెరవడం అలవాటైంది. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో కోడ్ రన్ అవకపోతే తెరిచేదాన్ని. ఇంటికెళ్ళినప్పుడు పడుకునే ముందు తెరిచేదాన్ని. ఫొటో ఉన్న చిన్న గుండ్రటి చుక్క, కింద బ్యాటరీ ఎంతుందో అంకె. ఆ ఊరు, ఆ వీధి, ఆ చుక్క. చూసి మూసేసేదాన్ని. అందులో తప్పేముంది, తనే కదా ఇచ్చింది, అనుకున్నాను.

కానీ చూస్తూ పోతే తెలియకుండానే తెలిసిపోతాయి కొన్ని. తను ఏ టిఫిన్ సెంటర్‌కి వెళ్తుందో, ఊళ్ళో ఎవరింట్లో ఎక్కువ సేపు ఉంటుందో, ఏ గుడి దగ్గర ఆగుతుందో. ఒకసారి మెస్‌లో ఉన్నానని ఫోన్లో చెప్పింది, చుక్క చూస్తే లైబ్రరీ వెనకాల ఉంది. "అబద్ధాలాడకు, లైబ్రరీ వెనక ఏం చేస్తున్నావ్" అన్నాను నవ్వుతూ. అటు నుంచి నవ్వు వినిపించలేదు. "ఒక్కదాన్నే కూర్చోవాలనిపించిందే" అంది. నాకు ఆ రోజే అర్థం కావాల్సింది. కాలేదు.

ఈ మధ్య సెమినార్ కోసం 2013లో వచ్చిన ఒక రీసెర్చ్ పేపర్ చదివాను. ఒక దేశంలో 15 లక్షల మంది మొబైల్ వాడినవాళ్ళ డేటా, 15 నెలలది, పేర్లు తీసేసి పరిశీలించారు. ఏ గంటలో ఏ టవర్ దగ్గర ఉన్నారో, అంత మాత్రం వివరం ఉంది అందులో. ఒక మనిషి గురించి అలాంటి చోటూ సమయమూ నాలుగు తెలిస్తే చాలు, వందలో 95 మంది విషయంలో ఆ గుంపులోంచి ఆ మనిషి జాడ ఒక్కటే విడిగా తేలిపోయిందట. నాలుగంటే నాలుగే. నా దగ్గర చిన్నీవి సంవత్సరం పైగా ఉన్నాయి, అదీ పేరూ ఫొటోతో సహా.

సెకండియర్ దసరా సెలవులు అయ్యాక చిన్నీని దింపడానికి వాళ్ళ నాన్నగారు విజయవాడ దాకా వచ్చారు. నేను ఏలూరు బస్సు దిగి బస్టాండ్‌లో వాళ్ళని కలిశాను. ఆయనకి కూతుర్ని వదిలి వెళ్ళాలంటే ఎప్పుడూ బెంగే. మూడుసార్లు జాగ్రత్తలు చెప్పారు. ఆయన మొహం చూసి జాలేసి, ధైర్యం చెబుదామని నేనన్నాను, "మీరేం భయపడకండి అంకుల్, ఇది ఎక్కడున్నా నా ఫోన్లో కనబడుతుంది." ఫోన్ తీసి చూపించాను కూడా. బస్టాండ్ మీద చిన్నీ చుక్క. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఆహా, భలే ఉందే" అన్నారు. చిన్నీ నా వైపు ఒక చూపు చూసింది. నేను పట్టించుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. చిన్నీ పదింటికి అవుటింగ్ రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్ళింది. "పనుంది, సాయంత్రానికొస్తా" అంది. మా హాస్టల్ గేట్ ఆరున్నరకి వేస్తారు.

ఐదు నలభైకి నాకు ఫోన్ వచ్చింది.

"అమ్మా, నేను చిన్నీ వాళ్ళ నాన్నని. అమ్మాయి ఫోన్ ఎత్తట్లేదమ్మా. రెండింటి నుంచీ చేస్తన్నా."

"బయటికెళ్ళింది అంకుల్, వచ్చేస్తుంది."

"ఎక్కడికెళ్ళింది?"

"తెలీదంకుల్, ఏదో పనుందంది."

కాసేపు ఆగారు. "నీ ఫోన్లో కనపడుద్దన్నావు గదమ్మా. చూసి చెప్పు తల్లీ. వాళ్ళమ్మ మధ్యాన్నం నుంచీ అన్నం గూడా తినలా."

నేను మ్యాప్ తెరిచాను. చుక్క ఉంది. బ్యాటరీ 9. చుక్క కింద ఒక చోటు పేరు ఉంది. ఆ పేరు చూసి నాకే గుండె జారినట్టయింది. ఆలోచించలేదు. చదివేశాను.

అటు నుంచి శబ్దం లేదు. తర్వాత, "అక్కడ దానికేం పని?" అన్నారు. నాకు తెలీదన్నాను. "సరేమ్మా, ఉంటా" అని పెట్టేశారు.

ఆరుంబావుకి చిన్నీ వచ్చింది. గేట్ వేయడానికి ఇంకా పావుగంట ఉంది. చేతిలో మాకోసం మిర్చి బజ్జీల పొట్లం. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆఫ్ అయింది. ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే మిస్డ్ కాల్స్ 23. ఒక్కొక్కటీ చూసుకుంటూ, తలెత్తకుండానే అడిగింది, "నువ్వు చెప్పావా?"

"నాన్నగారు చాలా కంగారు పడుతున్నారే..." అన్నాను.

"చెప్పావా?"

"చెప్పాను."

బజ్జీలు ఎవరమూ తినలేదు.

మర్నాడు పొద్దున్నే తొలి బస్సుకి వాళ్ళ నాన్నగారు వచ్చారు. విజిటర్స్ రూమ్‌లో కూర్చుని ఉన్నారు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంత కంగారులో కూడా మా రూమ్ కోసం ఒక కవర్ నిండా జంతికలు తెచ్చారు. ఆ కవర్ నా చేతికిచ్చి, చిన్నీ పక్కనే ఉండగా అన్నారు, "నువ్వు లేకపోతే మాకు తెలిసేది కాదమ్మా. నీ మేలు మర్చిపోను."

నన్ను ఎవరైనా తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో. ఆ థాంక్స్ మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

చిన్నీని ఇంటికి తీసుకెళ్ళారు. తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది. ఈలోపు మిడ్స్‌లో రెండు పేపర్లు పోయాయి. కొత్త షరతు ఒకటి వచ్చింది, ఇకపై తన లొకేషన్ ఎప్పుడూ నాన్నగారి ఫోన్లో కనబడుతూ ఉండాలి. ఆ రాత్రే నా మ్యాప్‌లోంచి చిన్నీ చుక్క పోయింది. తెరిస్తే నేనొక్కదాన్నే ఉన్నాను, హాస్టల్ మీద.

రూమ్ మారలేదు తను. అదే మంచం, అదే టేబుల్. నెలరోజులు మా మధ్య మాటలంటే "ఫ్యాన్ తగ్గించనా", "నీళ్ళొచ్చాయి", "లైట్ తీసేస్తున్నా". అంతే.

ఆ నెలలో నేను చదివిన ఒక విషయం చెబుతాను. సీఎస్‌ఈ వాళ్ళం కదా, బాధొచ్చినా గూగుల్‌లోనే వెతుక్కుంటాం. చాలామంది శాటిలైట్ మనల్ని చూస్తుంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. నిజానికి జీపీఎస్ ఉపగ్రహాలకి మనం ఉన్నామనే తెలీదు. 20 వేల కిలోమీటర్ల పైన తిరుగుతూ అవి టైమ్ చెబుతూ పోతాయి, అంతే. మన ఫోన్ కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని, ఏ సిగ్నల్ ఎంత ఆలస్యంగా వచ్చిందో లెక్కేసి, "నేను ఇక్కడున్నాను" అని తనకి తాను తెలుసుకుంటుంది. ఆ లెక్క అక్కడితో ఆగిపోతే అది మన జేబులోనే ఉంటుంది. దాన్ని ఇంకొకరికి పంపేది మనం ఆన్ చేసిన బటన్.

ఇంకొకటి. పైన ఆకాశం విశాలంగా కనబడే చోట ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాలో చెబుతుంది. బిల్డింగ్‌ల మధ్య ఆ తేడా పెరుగుతుంది. గోడలకి తగిలి సిగ్నల్ చుట్టు తిరిగి వస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది. లోపలికెళ్తే ఇంకా కష్టం, అప్పుడు చుట్టుపక్కల వైఫైలు, టవర్లు చూసి ఫోన్ ఒక అంచనా వేస్తుంది. ఆ అంచనాకి దగ్గర్లో మ్యాప్‌లో ఏ పేరు ఉంటే ఆ పేరు మనకి కనబడుతుంది. ఆ రోజు నేను ఫోన్లో చదివిన పేరూ, చిన్నీ నిజంగా ఉన్న చోటూ ఒకటి కాదు. రెండింటికీ మధ్యలో ఒక రోడ్డు ఉంది. నేను రోడ్డుకి అటువైపున్న పేరు చదివాను. ఎగ్జామ్‌లో "లొకేషన్ యాక్యురసీ" మీద ఐదు మార్కుల ఆన్సర్ రాయగలను నేను. కానీ ఒక తండ్రితో "ఇది అంచనా మాత్రమే అంకుల్" అని చెప్పడం నాకు తట్టలేదు.

మార్చిలో ఇంటికెళ్ళినప్పుడు అమ్మతో ఇదంతా చెప్పాను. అమ్మ పూర్తిగా విని, తన కథ ఒకటి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో వీధి మొదట్లో ఒక మామ్మ ఉండేదట. పొద్దున్నించి రాత్రి దాకా అరుగు మీదే. ఎవరు ఏ బస్సెక్కారు, ఎవరింటికి ఎవరొచ్చారు, అన్నీ ఆవిడకి తెలియాల్సిందే. మా అమ్మ ఇంటర్ చదివేటప్పుడు ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి మ్యాట్నీకి వెళ్ళింది. వెళ్తుంటే మామ్మ చూసింది. సాయంత్రం మా తాతయ్య వెతుక్కుంటూ వచ్చి అరుగు దగ్గర అడిగితే, మామ్మ అందట, "ఇందాకే చూశాన్రా, ముగ్గురూ కలిసి నవ్వుకుంటూ పోతున్నారు. వస్తార్లే, నువ్వు పోయి అన్నం తిను." అమ్మ ఇంటికొచ్చేటప్పుడు మాత్రం అరుగు దగ్గర ఆపి, చెవి మెలేసి, "ఈసారి చెప్పి పో" అందట.

"ఆవిడ అబద్ధం ఆడలేదు చూడు" అంది అమ్మ. "మీ తాతకి ఏం కావాలో అది చెప్పింది. నాకు ఏం కావాలో అది నాకు చెప్పింది."

నేను ఆ రాత్రి చాలాసేపు పడుకోలేదు. అంకుల్ నన్ను "ఎక్కడుంది" అని అడిగారు. కానీ ఆయనకి కావాల్సింది "బాగానే ఉందా" అన్నదానికి జవాబు. మ్యాప్ మొదటిదానికే జవాబు చెబుతుంది, రెండోది దానికి తెలీదు. రెండోది చెప్పాల్సింది నేను. "క్షేమంగానే ఉంది అంకుల్, ఛార్జింగ్ అయిపోవచ్చింది, గేట్ టైమ్ ఆరున్నర, రాగానే నేనే ఫోన్ చేయిస్తాను" అని ఉంటే సరిపోయేది. ఇంకో ముప్పై ఐదు నిమిషాలు ఆగితే చిన్నీ వచ్చేసేది. ఆరున్నర దాటినా రాకపోతే అప్పుడు చోటు చెప్పొచ్చు, నేనూ పరిగెత్తొచ్చు, వార్డెన్ మేడమ్‌ని లేపొచ్చు. చుక్క నా చేతిలో ఉంది కాబట్టి ఆలోచించే పని నాకు లేదనుకున్నాను. అరుగు మీది మామ్మకి ఉన్నపాటి వివేకం నాకు లేకపోయింది.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జిలు ప్రైవసీ ప్రాథమిక హక్కే అని తీర్పు చెప్పారు. 2024 జులైలో ఇంకో కేసు. బెయిల్ మీద బయటికొచ్చిన నిందితుడు తన గూగుల్ మ్యాప్స్ లొకేషన్‌ని దర్యాప్తు అధికారికి కనబడేలా పెట్టాలని షరతు పెట్టారు. బెయిల్‌కి అలాంటి షరతు పెట్టకూడదు, మనిషి కదలికలన్నీ పోలీసులు ఎప్పుడూ చూస్తూ ఉండటం ప్రైవసీ హక్కుకి విరుద్ధం అంది సుప్రీంకోర్టు. డ్రగ్స్ కేసులో నిందితుడికి కూడా ఉన్న హక్కు అది. మనమేమో మ్యాగీ ఉడికేలోపు వదిలేసుకున్నాం.

మరి ఫ్రెండ్స్ మధ్య జరిగినదానికి? 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత పనులకో ఇంటి పనులకో వాడే డేటాకి వర్తించదు. అంటే కంపెనీ మీద కంప్లైంట్ ఇవ్వొచ్చేమో గానీ, నా మీద ఆ చట్టం కింద చిన్నీ కంప్లైంట్ ఇవ్వలేదు. అది సరైనదే అనుకుంటా. రూమ్మేట్ల మధ్యకి చట్టం రాకూడదు. కానీ అక్కడ చట్టం లేదంటే ఉండాల్సింది ఇంకేదో ఉంది, దాన్ని మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఏప్రిల్‌లో మాట్లాడుకున్నాం. ల్యాబ్ రికార్డులు రాస్తూ రాత్రి రెండయింది. మూడో రూమ్మేట్ నిద్రపోయింది. చిన్నీ ఉన్నట్టుండి అంది, "నీకిచ్చానే నేను. మా నాన్నకి కాదు."

"నీకేమైనా అయ్యుంటే?" అన్నాను. నెలరోజులుగా నాలో నేను చెప్పుకుంటున్న సమాధానం అదే.

"అయ్యుంటే చెప్పాల్సిందే. కానీ ఏమీ కాలేదుగా. గేట్ టైమ్ కూడా దాటలేదు." కాసేపాగి, "ఏ నిమిషంలో చెప్పాలో, ఏ నిమిషం దాకా ఆగాలో నాకూ తెలీదులే. నేనైనా కంగారు పడేదాన్నేమో. కానీ ఆ పేరు మాత్రం చదివేదాన్ని కాదు" అంది.

ఇప్పుడు మీరందరూ ఒకటి అడగాలనుకుంటున్నారని నాకు తెలుసు. ఇంతకీ చిన్నీ ఎక్కడికెళ్ళింది? ఈ వ్యాసం మొదటిసారి రాసినప్పుడు నేనూ అక్కడ ఒక వాక్యం పెట్టాను, "మీరనుకునేలాంటి చోటేమీ కాదు" అని. మా ఫ్రెండ్ పరువు కాపాడుతున్నాననుకున్నాను. చిన్నీ కొట్టేయించిన రెండింటిలో అది ఒకటి. "అలా రాస్తే, తప్పు చోటైతే చెప్పేసినా పర్లేదు అన్నట్టుంటుంది" అంది. "నేను ఎక్కడికెళ్ళానన్నది కాదే విషయం. మంచి చోటే అనుకో, అయినా చెప్పడం నాది. మా అమ్మకి ముందు చెబుదామనుకున్నా, ఎలా చెప్పాలో రెండు వారాలు ఆలోచించుకున్నా. ఆ రోజు సాయంత్రం ఫోన్ చేసి చెప్పేదాన్నే." తను చెప్పకముందే తన కథ, తప్పు పేరుతో, నా నోటి నుంచి వాళ్ళింటికి చేరింది.

కాబట్టి ఆ చోటు పేరు ఇందులో లేదు. ఎలాంటి చోటో కూడా లేదు. నాకు తెలుసు, అది నా దగ్గరే ఉంటుంది.

వేసవి సెలవుల్లో నేను అంకుల్‌కి ఫోన్ చేశాను, చిన్నీని అడిగే చేశాను. "ఆ రోజు నేను చెప్పిన చోటు తప్పు అంకుల్. మ్యాప్ అంచనాగా చూపిస్తుంది, నేను చూసుకోకుండా చదివేశాను" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "పోన్లేమ్మా, పిల్ల మంచిగానే వచ్చింది గదా" అన్నారు. లొకేషన్ షరతు మాత్రం అలాగే ఉంది. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ భయం ఆయన ఒక్కరిదే కాదు. కానీ ఆ భయానికి మందు మ్యాప్‌లో ఉందని ఆయనకి బస్టాండ్‌లో చూపించింది నేనే.

ఇంకో విషయం. ఇది చిన్నీ గురించి కాదు, ఎవరి గురించో రాయను. మా ఫ్లోర్‌లో ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి చూస్తే కొన్ని ఫోన్లు మంచాల మీద ఛార్జింగ్‌లో ఉంటాయి, వాటి మనుషులు ఉండరు. ఇళ్ళ దగ్గర మ్యాప్ తెరిచి చూసేవాళ్ళకి పిల్లలు హాస్టల్లో బుద్ధిగా చదువుకుంటున్నట్టే కనబడతారు. అందరికీ నిశ్చింత. కానీ అలా ఫోన్ లేకుండా వెళ్ళిన రోజు ఆటో సందులోకి తిరిగితే? అవతల ఫోన్ ఎత్తడానికి ఎవరున్నా, చేయడానికి చేతిలో ఏదీ ఉండదు. ఎప్పుడూ కనబడుతూ ఉండాలి అంటే పిల్లలు నేర్చుకునేది ఇదే, చుక్కని ఒక చోట పెట్టి మనం ఇంకో చోటికి పోవడం.

ఇప్పుడు మేమిద్దరం కొన్ని మాటలు అనుకున్నాం. పెద్ద రూల్స్ ఏమీ కాదు. మామధ్య "ఆపేసే వరకు" అనేది లేదు. ఆటో ఎక్కితే 15 నిమిషాలు, దూరమైతే గంట. చూసినవాళ్ళు "చూశాను" అని చెప్పాలి. ఎవరైనా ఫోన్ చేసి ఎక్కడుందని అడిగితే, ముందు బాగుందో లేదో చెప్పాలి, చోటు చెప్పేది తనని అడిగాక. నిజంగా భయం వేస్తే మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు, ఆ నిర్ణయం చూస్తున్నవాళ్ళదే, తర్వాత తిట్లు తినడానికి సిద్ధపడాలి. ఇది చదివాక మీరు కూడా ఒకసారి మీ ఫోన్ తీసి, మీ లొకేషన్ ఎవరెవరికి కనబడుతోందో ఆ లిస్ట్ చూడండి. నా లిస్ట్‌లో స్కూల్ ట్రిప్‌లో ఇచ్చిన ఒక క్లాస్‌మేట్ ఉంది. రెండేళ్ళుగా మాటల్లేవు మాకు. ఆ అమ్మాయికి మాత్రం నేను రోజూ ఎక్కడ పడుకుంటున్నానో తెలుసు.

ఆపేయడానికి మొహమాటపడ్డాను, "ఎందుకు తీసేశావ్" అని అడుగుతుందేమోనని. ఇవ్వడానికి లేని మొహమాటం తీసుకోవడానికి ఎందుకో. చివరికి తీసేశాను. ఆమె అడగలేదు.

మొన్న శుక్రవారం వాన. చిన్నీ ఊరి నుంచి వస్తూ బస్టాండ్‌లో ఆటో ఎక్కి నాకు లైవ్ లొకేషన్ పంపింది, 15 నిమిషాలు. ఒకసారి తెరిచాను, చుక్క హైవే మీద కదులుతోంది. మూసేసి, బకెట్లో బట్టలు నానబెట్టాను. కాసేపటికి "దిగాను, గొడుగు తీసుకురా" అని మెసేజ్. గేట్ దగ్గరికి వెళ్ళేసరికి లొకేషన్ టైమ్ అయిపోయి ఆగిపోయింది.

"చూశావా?" అంది గొడుగులోకి వస్తూ.

"ఒకసారి. హైవే దగ్గర."

"సరే" అంది. మిర్చి బజ్జీల పొట్లం తడవకుండా చున్నీలో చుట్టి తెచ్చింది. రూమ్‌కి వెళ్ళాక ముగ్గురం తిన్నాం.